ఏడాదైనా పోని దొర

నా చిన్నప్పుడు మా వీధిలో ఇంగ్లీషుకు జరిగినంత మర్యాద దేవుడి పల్లకికి కూడా జరిగేది కాదు. పల్లకి వచ్చినప్పుడు మగ్గం వదిలి లేవడానికి బద్ధకించి, కూర్చున్న చోటి నుంచే దండం పెట్టుకునేవాళ్లు ఒకరిద్దరు ఉండేవారు. నేను అరుగు మీద కూర్చుని పుస్తకం విప్పి "ఐ గో" అన్నానంటే మాత్రం వీధి వీధంతా గొంతు తగ్గించేది. కూరగాయలమ్మి మా ఇంటి ముందర అరవడం మానేసి, రెండిళ్లు దాటాక అరిచేది. మా జేజి కోళ్లను అదిలిస్తూ, "సద్దు చేయొద్దండే, పిల్లోడు ఇంగ్లీషు చదువుతాండాడు" అని వాటికి కూడా చెప్పేది. నాయన తల్లిని మా కడప దిక్కున జేజి అంటారు. నన్ను కన్నాక అమ్మ ఎక్కువ రోజులు బతకలేదు. నన్ను పెంచింది జేజే.

మాది పెన్న ఒడ్డున సాలెవాళ్ల ఊరు. వీధిలో మగ్గం లేని ఇల్లు ఒక్కటే, అది మా పక్కిల్లు. మిగతా పిల్లలు తెలుగు అక్షరాలు కాస్త పట్టుబడగానే మగ్గం గుంతలో దిగిపోయారు. మా వీధిలో ఇంగ్లీషు దాకా వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. ఉగాది దాటాక పట్నంలోని హైస్కూలుకు వెళ్లాలి. అక్కడి హెడ్మాస్టరు ముందు కూర్చోబెట్టి ఇంగ్లీషు క్రియలు అడుగుతాడని, వాటిని అన్ని కాలాల్లోనూ తప్పు లేకుండా చెప్పినవాణ్నే చేర్చుకుంటాడని మా బడి అయ్యవారు చెప్పారు. మా నాయన తక్కువ మాటల మనిషి. "వస్తే చదువు. రాకపోతే గుంత" అన్నాడు. అంతే. ఆయన అన్నది బెదిరింపు కాదు. మగ్గం ముందు తవ్వి ఉన్న ఆ గుంతలోకి మా వంశంలో దిగినవాళ్లెవరూ మళ్లీ బయటికి రాలేదు.

ఇక నా సంగతి చెప్పుకోవాలి. ఏడాది పొడుగునా వీధి వీధంతా ఊపిరి బిగబట్టి విన్న నా ఇంగ్లీషులో ఉన్నది ఒకే ఒక్క క్రియ. అయ్యవారు మొట్టమొదట నేర్పిన 'గో'. అది అయ్యాక నాకు చలిజ్వరం వచ్చింది. నెలకు పైగా బడికి పోలేదు. తిరిగి వెళ్లేసరికి వేరే వీధుల నుంచి వచ్చే తోటి పిల్లలు తినడం, తాగడం, రాయడం, పడుకోవడం దాటి ఎక్కడికో వెళ్లిపోయారు. అయ్యవారిని అడగడానికి మొదట సిగ్గేసింది, తర్వాత బద్ధకం అడ్డం వచ్చింది. తరగతిలో అందరూ ఒకే గొంతుతో చెప్పేవారు కాబట్టి నేను నోరు కదిపితే సరిపోయేది. ఇంటికొచ్చి ఆ ఒక్క 'గో'నే ఒకరోజు పాటలా, ఒకరోజు శ్లోకంలా, ఒకరోజు పోట్లాటలా చదివేవాణ్ని. ఐ గో, యు గో, హి గోజ్. ఐ వెంట్, యు వెంట్. ఐ షల్ గో. రాగం మారితే పాఠం మారిందని అందరూ అనుకునేవారు.

ఇందులో ఇంకో సుఖం కూడా ఉండేది. మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలును పడుగు అంటారు; నేసే ముందు దానికి గంజి పెట్టాలి. తెల్లవారుజామునే వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా నూలు పరిచి, కత్తెరల్లా కట్టిన వెదురు కర్రల మీద నిలబెడతారు. ఒకరు గంజి చల్లుతూ ముందు నడిస్తే, వెనకనే ఇద్దరు మగవాళ్లు పడుగుకు అటొకరు ఇటొకరు నిలబడి పెద్ద కుంచెతో దువ్వుకుంటూ వస్తారు. మిగతావాళ్లు తెగిన పోగులు ముడి వేస్తారు. ఒకసారి మొదలుపెడితే మొన చేరేదాకా ఆగడానికి లేదు. మా ఎండలు ఎలాంటివంటే, నడుమ కాసేపు ఆగితే గంజి బిగుసుకుని పోగులన్నీ ఒక్క కట్టెలా అతుక్కుంటాయి. ఆ ఇంటివాళ్ల నెల తిండి పోయినట్టే. అందుకే ఒకరి పడుగుకు అందరూ వస్తారు, ఇంటికొకరు తప్పకుండా. ఇన్ని ఇళ్ల వీధిలో దాదాపు రోజూ ఎవరిదో ఒకరి పడుగు ఉండనే ఉండేది.

కుంచె పట్టడం మా నాయన పని. గంజి కుండ పట్టుకుని చల్లుకుంటూ పోవడం నా పని కావాలి. నాయన నా దిక్కు చూడగానే నేను అరుగెక్కి "ఐ గో" అనేవాణ్ని. నాయన చూపు తిప్పుకునేవాడు. జేజి మోకాళ్లు పట్టుకుని లేచి, కుండ చంకన పెట్టుకుని వీధిలోకి నడిచేది. ఆమె ఎడమ కాలు నేలకు ఆనించినప్పుడల్లా భుజం ఒకవైపు దిగేది. నేను పుస్తకం చాటు నుంచి చూసేవాణ్ని. చూసి, గొంతు ఇంకొంచెం పెంచేవాణ్ని.

మా పక్కింట్లో ఒక సాయిబు తాత ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు కడపలో ఒక దొర బంగళాలో వంటవాడిగా పనిచేశాడు. మా వీధిలో దొరల నోటి నుంచి ఇంగ్లీషు విన్నవాడు ఆయనొక్కడే. ఆ ఇంగ్లీషులో కాలాలు లేవు. దొర పోయినా, పోతున్నా, పోబోతున్నా ఆయనకు "మాస్టర్ గో" ఒక్కటే. దొర కూడా ఆ మాటతోనే అన్నేళ్లూ పని జరుపుకున్నాడట.

చలికాలం మొదట్లో ఒకరోజు సాయంత్రం నేను పెరట్లో కూర్చుని మంచి ఊపు మీద చదువుతున్నాను. గోడ అవతలి నుంచి తాత గొంతు మెల్లగా వినబడింది.

"ఏం బాబూ, ఆ దొర ఇంగా పోలేదా?"

తలెత్తి చూశాను. గోడ మీద తాత గడ్డం, ఆ పైన రెండు కళ్లు కనబడ్డాయి. కోపమేమీ లేదు వాటిలో. "పోయిన చలికాలంలో బయలెల్లినాడు. ఇంగా పోతానే ఉండాడు. యాడికప్పా అంత దూరం?" అన్నాడు.

నేను చదివేది ఒక్క మాటేనని నీకెలా తెలిసింది తాతా అని అడిగాను.

"దొర నాకు దినామూ చెప్పిన మాట అదే గదా బాబూ. చాయి పెట్టి నిలబడితే గో. కూర బాగుందా దొరా అంటే గో. ఆ మాట నిద్రలో గూడా గుర్తుపడ్తా" అని గోడ దిగిపోయాడు.

తెల్లారితే నాయనకు చెప్పేస్తాడు, ఉగాది దాకా కూడా ఆగనక్కర లేదు, రేపే గుంత అనుకున్నాను. తెల్లారింది. తాత నేరుగా మా వాకిట్లోకే వచ్చాడు. ఆరోజు ఎదురింటివాళ్ల పడుగు; వీధంతా అక్కడే ఉంది. జేజి కుండకు చెయ్యి చాచబోతుంటే ఆపి, అందరికీ వినబడేలా చెప్పాడు:

"అమ్మా, పిల్లోడు అరుగు మీద కూసోని చదివితే లాభం లేదు. నేను బంగళాలో సూసినా గదా. దొరల పిల్లోళ్లు నడుచుకుంటానే చదువుతారు. కూసోని చదివితే ఇంగ్లీషంతా కాళ్లలోకి దిగిపోతాదంట. ఈ పడుగెంట నడుస్తా చదవనీ. నడిసేటోడు ఉత్త చేతులతో ఎందుకు, ఆ కుండ గూడా వానికే ఇయ్యి."

బంగళాలో దొర పిల్లలు ఎలా చదివేవారో ఊళ్లో చూసినవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి అందరూ నమ్మారు. జేజి కుండను నా చేతికిచ్చి, పడుగు నడిమధ్యన ఒక రాయి మీద కూర్చుంది, పెద్ద గంజి పాత్ర పక్కన పెట్టుకుని. ఆమె అలా కూర్చోవడం నేను మొదటిసారి చూశాను. నేను ముందు, కుంచెవాళ్లు వెనక. "ఐ గో" అన్నాను. వాళ్లు దువ్వారు. "యు గో" అన్నాను. మళ్లీ దువ్వారు. మాటకొక దువ్వు. మామూలుకన్నా ముందే మొన చేరామని అందరూ మెచ్చుకున్నారు. నాయన గర్వంగా, దీనర్థమేమిరా అని వీధిలో అందరి ముందూ అడిగాడు. పోవడమని చెప్పాను.

రెండో పడుగుకూ అదే చదివాను. మూడోదానికీ అదే. నేను అరుగు మీద ఉన్నంతకాలం దూరం నుంచి వినే వీధి ఇప్పుడు నా వెనకనే నడుస్తోంది. రాగం మార్చడానికి లేదు, కుంచె తప్పుతుంది. నాలుగో పడుగు సగంలో ఉండగా ఎదురింటి అత్త పోగు ముడి వేస్తూ తల ఎత్తింది. వీధిలో ఆమె నోటికి ఎద్దులు కూడా పక్కకు జరిగేవి.

"ఏమప్పా, మొన్న ఇదే, నిన్న ఇదే, ఈ పొద్దూ ఇదే. తెల్లోళ్లకు పొయ్యేది తప్ప ఇంగో పని లేదా? తినరా? పండుకోరా?"

పక్కనున్న ఆయనెవరో అందుకున్నాడు. "పోతాం, పోతాండాం, పోయినాం అని నోటితో చెప్తానే ఉండారు. కదిలితే గదా!"

తెల్లవాళ్లు దేశం విడిచి పోతారన్నది ఆ రోజుల్లో ఊరూరా అందరి నోటా ఉన్న మాట. వీధంతా ఒక్కసారిగా నవ్వింది. కుంచెలు ఊగాయి, ఏవో పోగులు తెగాయి. నాయన మాత్రం నవ్వలేదు. నా వైపు చూశాడు. పడుగు మీద ఆగకూడదు కాబట్టి నేను ఆగకుండా నడుస్తూ, చెమటలు కక్కుతూ, "వేరేవి శానా ఉండాయి అత్తా. రేపు తినేది చెప్తా" అన్నాను.

ఆ సాయంత్రమే అయ్యవారింటికి పరుగెత్తాను. తినడం చెప్పమన్నాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి చెప్పారు. దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చాను. మర్నాడు పడుగు మీద తినిపించాను అందరికీ. అంతటితో అయిపోలేదు. వీధికి రుచి తగిలింది. ఒక్కొక్కరూ తమకు కావలసింది అడగసాగారు. సాయిబు తాతకు వండేది కావాలి. ఎదురింటి అత్తకు తిట్టేది కావాలి. అయ్యవారు తలపట్టుకుని, పరీక్షకు అది రాదురా అన్నారు. రాకున్నా సరే, అది లేకుండా నేను వీధిలోకి పోలేనన్నాను. నాయన ఏమీ అడగలేదు. చాలా రోజుల తర్వాత ఒక పొద్దున కుంచె దులుపుకుంటూ, ఎటో చూస్తూ, "నేసేది ఉంటాదా వాళ్ల భాషలో?" అన్నాడు. తెచ్చిచ్చాను. వీవ్, వోవ్, వోవెన్. ఆ తర్వాత మగ్గం శబ్దం నడుమ నాయన గొంతు సన్నగా "వోవ్... వోవ్..." అనడం విన్నాను. వెనక్కి తిరిగి నన్ను చూసి దగ్గాడు.

జేజిని కూడా అడిగాను, నీకేం కావాలని. ఆమె గంజి కలుపుతూ ఆలోచించింది. "నాకు కూసునేది తెచ్చియ్యి నాయనా" అంది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె చెయ్యి మోకాలి మీద ఉంది. ఏడాదిపాటు ఆ మోకాళ్లతో నా కుండ మోసిన మనిషి, ఇంగ్లీషు భాష మొత్తంలో కోరుకున్నది అదొక్కటి.

ఆ క్రియ తెచ్చిన పొద్దున్నే జేజి ఇంకో ప్రశ్న వేసింది. ఒక్క కూర్చోవడానికి ఇన్ని మాటలెందుకంది. నేనప్పటిదాకా బట్టీ పట్టానే కానీ ఆ సంగతి ఆలోచించలేదు. పడుగు దిక్కు చూశాను. పడమటి కొసన గంజి పెట్టింది అప్పుడే ఆరుతోంది. నడుమ, జేజి దగ్గర, తడిగా ఉంది. తూర్పు మొన ఇంకా పొడి నూలు. "జేజీ, ఆ ఆరిందానికి ఒక మాట, ఈ తడిదానికి ఒక మాట, ఆ మొనన ఇంగా పెట్టాల్సిందానికి ఒక మాట" అన్నాను. "అంతేనా" అంది జేజి. అంతేనని నాకూ అప్పుడే తెలిసింది. అప్పటి నుంచి జరిగిపోయినవన్నీ పడమటి కొసన మొదలుపెట్టి, జరుగుతున్నవి జేజి రాయి దగ్గర చెప్పి, జరగబోయేవి తూర్పు మొనకు చేరాక చెప్పేవాణ్ని. నా ఇంగ్లీషుకు దిక్కులు ఏర్పడ్డాయి. దానివల్ల ఏం ముంచుకొస్తుందో ఆలోచించలేదు.

ఉగాది దాటింది. నాయన ఉతికిన పంచె కట్టుకుని నన్ను పట్నం తీసుకుపోయాడు. హెడ్మాస్టరు మా దిక్కువారు కారు, బందరు వైపు నుంచి వచ్చారట. తలపాగా, కళ్లద్దాలు, ఒక చిన్న గది. నాయన బయట వరండాలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. హెడ్మాస్టరు కాసేపు కాగితాలు తిరగేసి, కూర్చోవడమనే క్రియను అన్ని కాలాల్లోనూ చెప్పమన్నారు.

జేజి మాటే వచ్చిందని ప్రాణం లేచివచ్చింది. నోరు తెరిచాను. ఒక్క అక్షరం రాలేదు. మళ్లీ తెరిచాను. రాలేదు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. అప్పుడు అర్థమైంది నాకు, నిలబడిన చోట నిలబడి చెప్పడం నాకు రాదని. గత్యంతరం లేక పడమటి గోడ దగ్గరికి నడిచాను. గోడను తాకగానే "ఐ సాట్" వచ్చింది. ఇక వరసగా వచ్చేశాయి. పక్కవాటుగా అడుగులు వేసుకుంటూ, కుడి చేత్తో లేని గంజి చల్లుకుంటూ గది నడుమకు వచ్చాను. "ఐ సిట్, యు సిట్, హి సిట్స్."

"ఒరేయ్, కూర్చోవడం గురించి చెప్పమంటే నడుస్తావేమిరా? ఆగు!" అన్నారు హెడ్మాస్టరు.

ఆగమంటే ఎలా? పడుగు నడుమ ఉన్నాను. ఆగితే బిగుసుకుపోతుందని ఒళ్లంతా చెబుతోంది. ఆయన బల్లను చుట్టుకుని తూర్పుకు సాగాను. తూర్పున గోడ లేదు, తలుపుంది. గదిలో భవిష్యత్తుకు చోటు చాలలేదు. గడప దాటి వరండాలోకి వెళ్లాను.

నన్ను చూడగానే నాయన మొహం పాలిపోయింది. గెంటేశారనుకున్నాడు. లేచి నిలబడి ఏదో అనబోయాడు. అంతలో నేను వరండా చివర దాకా పోయి, బయట ఉన్న వేపచెట్టుకు వినబడేలా, "ఐ షల్ సిట్! యు విల్ సిట్!" అని అరిచాను. నాయన నా నోటి వైపు చూడలేదు, నా కుడి చేతి వైపు చూశాడు. చూసి, అక్కడ లేని పడుగుకు ఒళ్లు తగలకుండా మెల్లగా పక్కకు జరిగాడు.

హెడ్మాస్టరు గడపలోకి వచ్చి, "ఏం చేస్తున్నాడయ్యా మీవాడు?" అన్నారు.

నాయన చేతులు జోడించాడు. "గంజి పెడ్తాండాడు సామీ. మొనదాకా పోనీండి. నడుమ నిలిపితే పాడైతాది."

ఆయన కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. లోపలికి వెళ్లి, నాకు అడ్డం లేకుండా కుర్చీని గోడకు జరుపుకున్నారు. ఇంకో మూడు క్రియలు అడిగారు. మూడుసార్లు పడమటి గోడ నుంచి వేపచెట్టు దాకా నడిచాను. మూడోసారి ఆయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటున్నారు. చేర్చుకున్నారు. నెలలోపల కూర్చుని చెప్పడం నేర్చుకోవాలని మాత్రం షరతు పెట్టారు.

ఇంటికొచ్చి జేజికి చెప్పాను. కూసునేదే అడిగినాడా అని మురిసిపోయింది. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, ఏడాదంతా చదివింది ఒకే ఒక్క మాట అని ఒప్పుకున్నాను. ఆమె ఆశ్చర్యపడలేదు.

"ఏడాదంతా ఒకే కూర పెడితే నాలిక్కి తెలీదారా?"

"మరి నాయనకెందుకు చెప్పలేదు జేజీ?"

"చెప్తే గుంతలో దించుతాడు. దిగితే మళ్లా ఎక్కవు. నాకా, కుండ మోసేది కొత్తా?" అని నా తల మీద చెయ్యి వేసింది. పక్కింటి గోడ దిక్కు చూసి, "ఆ సాయిబన్ననే అడిగినా, పిల్లోని పరువు పోకుండా ఏమన్నా జేయమని" అంది.

వాళ్లంతా పోయి చాలా ఏళ్లయింది. దొర కూడా పోయాడు చివరికి. నేను ఆ ఇంగ్లీషుతోనే గుమాస్తా పని సంపాదించాను. బతుకంతా దాన్ని అడ్డం పెట్టుకున్న సందర్భాలే ఎక్కువని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు. ఎదుటివాడికి అర్థం కాని మాట ఒకటి గట్టిగా అంటే పని మీద పడకుండా పోతుందని నేను పదకొండో ఏటే కనిపెట్టాను. కనిపెట్టిన విద్యను ఎవరూ తొందరగా మానుకోరు. ఇప్పటికీ నా ఇల్లాలు వంటింట్లోంచి పిలిస్తే, పడక కుర్చీలోంచే "చదువుకుంటున్నా" అంటాను. ఆమె మంచిది, గొంతు తగ్గిస్తుంది. బిందె ఆమె ఒక్కతే ఎత్తుకుంటున్న చప్పుడు వినబడుతుంది. అప్పుడు పుస్తకంలో ఎక్కడున్నానా అని చూసుకుంటాను. నిన్నటి పుటే. మొన్నటిదీ అదే. ఏ గోడా లేని చోటి నుంచి ఒక ముసలి గొంతు మెల్లగా అడుగుతుంది, ఏం బాబూ, ఆ దొర ఇంగా పోలేదా అని.

పుస్తకం మూసి, మోకాళ్లు పట్టుకుని లేచి, బిందె దగ్గరికి వెళ్తాను.